మట్టిని కడిగిన అక్కకు

విల్గా బోర్
8 ఫిబ్రవరి 1987, ఆదివారం

ప్రియమైన హుల్డా అక్కకు,

దేవుని దయవల్ల ఇక్కడ క్షేమం. ఇరవై ఆరేళ్ల తరవాత నీకు ఉత్తరం రాస్తున్నాను. ఇన్నేళ్లూ ఎందుకు రాయలేదో నీకు గుర్తుండకపోవచ్చు. పెళ్లై ఈ రైలు స్టేషనుకి వచ్చిన కొత్తలో నేను రాసిన ఉత్తరాన్ని నువ్వు ఎర్రసిరాతో దిద్ది, అడుగున "శ్రద్ధ చాలదు" అని రాసి తిప్పి పంపావు. బడిపంతులమ్మవి, అలవాటు. నేను నవ్వుకున్నాను కాని మళ్లీ కలం పట్టలేదు. అప్పటినుంచీ అంతా ఫోనే. నువ్వు మాట్లాడతావు, నేను "అలాగే అక్కా" అంటాను. నా గొంతు సంగతి తెలుసుగా, పెదవి దాటేసరికే సగమైపోతుంది.

ఇవాళ ఎందుకు పట్టానంటే, క్రిస్మస్ నాడు ఫోనులో నీతో అబద్ధమాడాను. మీ వీధిలో మన చర్చి సంఘంవాళ్లు కట్టించిన పెద్దవాళ్ల ఇళ్లలో ఏడో నంబరు ఖాళీ అవుతోంది, ఈస్టరుకల్లా వచ్చెయ్ అన్నావు. అలాగే అన్నాను. ఆరు ఆదివారాలుగా ఆ అబద్ధాన్ని దేవుడి ముందు ఒప్పుకుంటూనే ఉన్నాను. ఆయన క్షమించే ఉంటాడు. నీతో చెప్పకుండా ఆయన ఒక్కడితో చెప్పి తప్పించుకోవడం మర్యాద కాదని ఇవాళ తోచింది.

నేను రాను అక్కా. నువ్వు పంపిన ఆ ఇంటి కాగితం మీద సంతకం పెట్టలేదు.

మా ఆయన క్లారీ పోయి రెండేళ్లు. రైలు మార్గం ఇక్కణ్ణించి తప్పించి ఏడేళ్లు. ఊళ్లో తొమ్మండుగురమే మిగిలాం. అన్నీ నిజమే. కాని ప్రతి ఆదివారం పదింటికి, క్లారీ వేలాడదీసిన రైలుపట్టా ముక్కని నేను సుత్తితో మోగిస్తే నాతో కలిపి ఆరుగురం పోగవుతాం. పాస్టరు గారు మూడు నెలలకొకసారి వస్తారు. మిగతా వారాలు ఆయన పంపిన ప్రసంగం నేనే చదువుతాను. నేను వచ్చేస్తే ఆ రేకుల గుడి మూసేస్తారు. నాకు యాభయ్యే అక్కా. పెద్దవాళ్ల ఇళ్లకి ఇంకా పెద్దదాన్ని కాలేదు.

"ఆ చచ్చిన నేల మీద నువ్వు తప్ప ప్రాణమున్నది ఏముందే?" అన్నావు. ఆ మాట నన్ను పొడుస్తూనే ఉంది. అందుకే దీంతోపాటు ఒక బిస్కట్ల డబ్బా పంపుతున్నాను. అందులో ఉన్నది ఊరి వెనక ఎర్ర పల్లంలో మట్టి. ఎనిమిదేళ్ల కిందట ఆఖరిసారి పల్లం నిండి, ఎండి, పగుళ్లు వేశాక క్లారీ తవ్వి తెచ్చి కిటికీలో పెట్టాడు. అప్పట్నించీ దానిమీద చుక్క పడలేదు.

ఎర్విన్ బావ బంగారు చేపలు పెంచిన గాజుతొట్టి నీ వరండాలో ఖాళీగా ఉంది కదా. ఈ మట్టి రెండు గరిటెలు అందులో వేసి, జానెడు నీళ్లు పోసి, వెలుతురులో పెట్టి వారం చూడు. పందెం కాయడం మన ఇంట్లో పాపం, కాబట్టి పరీక్ష అనుకుందాం. ఏమీ కదలకపోతే నేను సంతకం పెట్టి, గంట దింపి వచ్చేస్తాను. కదిలితే, ఆ కాగితం నాకు ఇంకెప్పుడూ పంపకు.

ఇలా రాయడం వినయం కాదని తెలుసు. అయినా రాశాను.

నీ చెల్లెలు
వెర్నా


అడిలైడ్
24 ఫిబ్రవరి 1987

వెర్నా,

డబ్బా అందింది. పోస్టుమాన్ దాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని తెచ్చాడు. మూత దగ్గర రాలి, మెట్ల మీదంతా ఎర్రదుమ్ము.

నీ మాట ప్రకారమే చేశాను. నేను ఏ పనైనా సవ్యంగా చేస్తానని నీకు తెలుసు. తొట్టిని సోడాతో తోమి మూడుసార్లు కడిగాను. నీ మట్టి అంత మురికిగా ఉంటే ఎలా పోస్తాను? సన్నజల్లెడలో వేసి, కుళాయి కింద పెట్టి, నీళ్లు తేటపడేదాకా నాలుగుసార్లు కడిగాను. చివరికి గుప్పెడు ఇసక మిగిలింది. శుభ్రంగా ఉంది. దాన్ని తొట్టిలో పరిచి, కుళాయి నీళ్లు నింపి, ఎనిమిది రోజులు పొద్దునా సాయంత్రం చూశాను. ఇసక ఇసకలాగే ఉంది. మిగిలిన సగం డబ్బా షెడ్డులో పెట్టాను, గులాబీ కుండీలకి పనికొస్తుంది.

కాబట్టి పరీక్ష అయిపోయింది. నువ్వు ఒప్పుకున్న షరతే.

పాస్టరు గారికి చెప్పేశాను. ఏడో నంబరు నీ పేరున ఉంచారు. తలుపు తీస్తే మా పెరడే. మార్చి ఇరవయ్యో తారీకున మన సంఘం బెర్నార్డ్ నోస్కె తన లారీ తీసుకుని బయలుదేరతాడు, తోడుగా వాళ్ల బావమరిది లెస్ వస్తాడు. అమ్మ బీరువాని దుప్పట్లలో చుట్టి ఉంచు. అది మొదటినుంచీ నాకు రావలసింది, సరే, ఇప్పుడు ఎలాగూ ఒకచోటికే వస్తుంది. కిటికీ తెరలకి నేనే కొలతలు తీసుకున్నాను. నీలం గళ్లు.

మరిది క్లారీ మంచివాడే. కాని నిన్ను తీసుకెళ్లి ఉప్పునీళ్ల బోరు పక్కన కూర్చోబెట్టాడు. ఆ తప్పు దిద్దే బాధ్యత నాది.

నీ రాత ముందుకన్నా మెరుగైంది.

హుల్డా


విల్గా బోర్
8 మార్చి 1987

ప్రియమైన అక్కకు,

ప్రభువు నీకు శాంతినిచ్చుగాక. నాకు మాత్రం నీ ఉత్తరం చదివాక శాంతి లేదు.

మట్టిని కడిగావా!

ఆరాధన అయ్యాక చదివి, మెట్లమీద అలాగే కూర్చుండిపోయాను. పక్కింటి ఐవీ వచ్చి "ఏమైంది వదినా, ఎవరైనా పోయారా?" అంది. ఐవీ ఇక్కడే పుట్టింది. ఆమె తాతముత్తాతలది ఈ నేలే. సంగతి చెప్పాను.

"మట్టిని కడిగిందా మీ అక్క? ఇంకా నయం, ఇస్త్రీ చెయ్యలేదు" అంది.

నవ్వకూడదనుకున్నాను. కాని పక్కటెముకలు నొప్పెట్టేదాకా నవ్వాను.

అక్కా, ఆ మట్టిలో ఉన్నవి గుడ్లు. గసగసాలకన్నా సన్నం. దుమ్ములో దుమ్ములా కలిసిపోయి ఉంటాయి, కంటికి ఆనవు. ఎనిమిదేళ్లు ఎండని, గాలిని, మా దుమ్ము తుఫానులని ఓర్చుకున్నవాటిని నువ్వు శుభ్రత పేరుతో తూములోకి పంపావు. కుళాయి నీళ్లు వద్దని నేనూ రాయలేదు, అది నా తప్పు. ఇక్కడ ఇంట్లో కుళాయే లేదు, ఆ ఆలోచనే రాలేదు. మీ కుళాయి నీళ్లలో వేసే మందుకి అవి బతకవు.

అందుకని ఆ పరీక్ష చెల్లదు. మళ్లీ చెయ్యి. షెడ్డులో మిగిలిన సగం తీసుకో. జల్లెడ ముట్టకు. మీ పెరటి ట్యాంకులోని వాన నీళ్లు పట్టు. కాచకు, వడగట్టకు. మట్టి ఎలా ఉందో అలాగే వెయ్యి. నీళ్లు ఎర్రగా బురదలా కనిపిస్తాయి. ఓర్చుకో. బురద రెండు రోజుల్లో తనే అడుక్కి దిగుతుంది.

లారీని పంపవద్దు. నేను ఎక్కను.

ఇక్కడ గాలి ఉత్తరంనించి వీస్తోంది. పిండి కలిపితే కేకు మీద కూడా ఎర్రటి పొర.

ప్రేమతో
వెర్నా


అడిలైడ్
17 మార్చి 1987

వెర్నా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. ఫోను చేస్తే మీ ఊరి పోస్టాఫీసులో ఎవరూ ఎత్తడం లేదు. చిన్నప్పట్నించీ నీ మౌనానికి ఒకటే అర్థం. అంగీకారమే.

లారీ శుక్రవారం బయలుదేరుతుంది. వాళ్లకి తిండి సరిగ్గా పెట్టు. బీరువా అద్దం పైకి ఉండేలా పడుకోబెట్టమను.

హుల్డా


విల్గా బోర్
23 మార్చి 1987

అక్కకు,

నా 8వ తారీకు ఉత్తరం నీకు సమయానికి చేరలేదని ఇప్పుడు తెలిసింది. టపా లారీ ఇరుసు విరిగి దారిలోనే పది రోజులు పడి ఉందట. నీ లారీకి మాత్రం ఏ ఇరుసూ విరగలేదు. శనివారం మధ్యాహ్నం వచ్చి వాకిట్లో ఆగింది.

బెర్నార్డ్ దిగి, ఇల్లంతా చూసి, "ఏమ్మా వెర్నా, సామాను కట్టలేదేంటి?" అన్నాడు.

"కట్టలేదు అన్నయ్యా. నేను రావడం లేదు."

"వస్తున్నావని హుల్డా గారు చెప్పారే!"

"అక్క చెప్పింది. నేను చెప్పలేదు."

తలుపు పట్టుకుని నిలబడ్డాను. లెస్ టోపీ తీసి తల గోక్కుంటూ, "ఖాళీ లారీతో ఆవిడ ఎదటికి పోవడం కన్నా ఇక్కడే ఏదైనా గుంటలో దూకడం నయం బావా" అన్నాడు.

"ఇక్కడ గుంటల్లో నీళ్లెక్కడివి నాయనా? ఊరికే కాలు విరుగుతుంది" అంది గోడవతలి నించి ఐవీ.

వాళ్లకి మాంసం కూర, ఉల్లి పచ్చడి, బేకింగు పళ్లెం నిండా స్ట్రాయిజల్ కేకు పెట్టాను. ఆ రాత్రికి వరండాలో పడుకున్నారు. ఆదివారం పదింటికి గంట మోగించాను. ఇద్దరూ తల దువ్వుకుని వచ్చారు. ఆరుగురం ఎనిమిది మందిమయ్యాం. బెర్నార్డ్ గొంతు ఎంత పెద్దదంటే కీర్తన రెండో చరణానికి రేకులు మోగాయి. ప్రసంగం నేనే చదివాను. ఆడమనిషి చదవగా తానెప్పుడూ వినలేదని బయటికి వచ్చాక లెస్ అన్నాడు. "ఎలా ఉంది తమ్ముడూ?" అని అడిగితే, "పొట్టిగా ఉంది, బాగుంది" అన్నాడు.

లారీ ఖాళీగా రాలేదు. అమ్మ బీరువా పంపాను. ఇరవై ఏళ్లుగా అడుగుతున్నావు, నీదే. అద్దం పైకే పెట్టించాను. బీరువా వచ్చింది కాబట్టి వెనకే నేనూ వస్తాననుకోకు. అది పోయినచోట గోడ ఖాళీ అయింది, క్లారీ టోపీ తగిలించాను.

మిగిలిన సగం డబ్బా సంగతి చెయ్యి.

మాట దాటిన చెల్లెలు
వెర్నా


అడిలైడ్
2 ఏప్రిల్ 1987

వెర్నా,

నాకెంత తలవంపులో నీకు అర్థం కాదు. స్త్రీల సమాజంవాళ్లు ఏడో నంబరు ముందు పూలగుత్తులు పట్టుకుని నిలబడ్డారు. లారీలోంచి బీరువా దిగింది. అందరూ దాని వెనకాల చూశారు. ఎవరూ దిగలేదు. బెర్నార్డ్ నా ముందే నీ కేకుని పొగిడాడు.

బీరువా అద్దానికి మూల చిన్న పగులు. పాతదే అయి ఉండవచ్చు.

అదే రోజు నీ 8వ తారీకు ఉత్తరం చేరింది. "చెల్లదు" అట! దీన్ని ఒకసారి తేల్చి పారేద్దామని షెడ్డులోంచి మిగిలిన మట్టి తెచ్చి, కడగకుండా, నా చేతులతో అలా మురికిగానే వేశాను. ట్యాంకు నీళ్లు పోశాను. తెల్లటి బల్లగుడ్డ మీద బురద చల్లినట్టుంది, శుభ్రమైన ఆ గాజు చూస్తే. వరండాలో చలి అని వంటింటి బల్ల మీదికి మార్చి, ఎర్విన్ చదువుకునే దీపం పక్కన పెట్టాను. నీ పరీక్ష గురించి నువ్వు రేపు వంక చెప్పకూడదని.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు ఏమీ లేదు. మూడో రోజు పొద్దున తెల్లటి నలుసులు కనిపించాయి. దుమ్మనుకున్నాను. కళ్లజోడు తుడుచుకుని చూశాను. చదివే కళ్లజోడు పెట్టుకుని చూశాను. దుమ్ము అయితే కిందికి దిగాలి. ఇవి దీపంవైపు పైకి పోతున్నాయి. తిరిగి వస్తున్నాయి.

చాయ్ చల్లారిపోయింది, తాగలేదు.

ఇది నేను ఓడినట్టు కాదు. నీళ్లలో పురుగులు పుట్టడం వేరు, ఒంటరి ఆడది ఎడారిలో ఉండడం వేరు.

ఇవి ఏం తింటాయి?

హుల్డా


విల్గా బోర్
12 ఏప్రిల్ 1987

ప్రియమైన హుల్డా అక్కకు,

స్తోత్రం! నీ ఉత్తరం ఐవీకి రెండుసార్లు చదివి వినిపించాను. "దుమ్ము పైకి పోతోంది" అన్నచోట చేతులు చరిచింది.

అవి పురుగులు కావు, డాలు రొయ్యలు. పదిహేను రోజులకి వీపు మీద డాలు లాంటి పెంకు స్పష్టంగా వస్తుంది, వెనక రెండు పోచల తోక. మూడు కళ్లుంటాయి. ఉడికించిన క్యారట్ తురుము చిటికెడు వెయ్యి. చేపల మేత ఉంటే వేళ్లమధ్య నలిపి వెయ్యి. ఎక్కువ వేస్తే నీళ్లు కుళ్లుతాయి. నీళ్లు మొత్తం ఎప్పుడూ మార్చకు, తగ్గినంత వాన నీళ్లు చేర్చు. తొట్టి తోమకు. ఆకలైతే ఒకదాన్నొకటి తింటాయి. చూసి బాధపడకు, వాటికి నీతులు చెప్పకు.

నువ్వు పంపిన సంతకం కాగితాన్ని ఈస్టరు కేకు పళ్లెం అడుగున పరిచాను. నూనె బాగా పీల్చుకుంది.

ఇక అసలు విషయం. పాస్టరు గారి ఉత్తరం వచ్చింది. నేను వెళ్లిపోతున్నానని ఆయనకి "నమ్మకమైనచోటి నుంచి" తెలిసిందట. అందుకని విల్గా గుడిని మూసి, ఆరాధన బల్ల, బైబిలు స్టాండు, ప్రభు భోజనపు గిన్నె దక్షిణానికి తరలించే ప్రతిపాదన మే 24న సంఘ సభలో ఓటుకి పెడుతున్నారట. ఆయన మంచివారు. తనకి చెప్పిన మాట మీదే నడుస్తున్నారు. వెళ్లడం లేదని నేను రాశాను. కాని అక్కా, నీ మాట ముందు నా మాట ఎవరు వింటారు? అక్కడ నువ్వు కూర్చునే బెంచీ ముందుది. నేను తొమ్మండుగురున్న ఊరిదాన్ని.

తలుపు నువ్వు తెరిచావు, నువ్వే మూయాలి. ఆయన దగ్గరికి వెళ్లి, నేను తప్పు చెప్పాను అని ఒక్క మాట అను.

ఈస్టరు ఆశీస్సులతో
వెర్నా


అడిలైడ్
28 ఏప్రిల్ 1987

వెర్నా,

నలభై దాకా ఉన్నవి పదకొండయ్యాయి, పదకొండు నాలుగయ్యాయి. నాలుగూ నా బొటనవేలంత ఉన్నాయి. నీతులు చెప్పలేదు కాని, తినేటప్పుడు పేపరు అడ్డం పెట్టుకున్నాను.

గురువారం ఒకటి చచ్చిపోయింది. అడుగున పారదర్శకంగా, డాలూ తోకా అన్నీ ఉండి కదలకుండా పడి ఉంది. క్యారట్ ఎక్కువైందేమో, నేనే చంపానేమో అనిపించింది. చెంచాతో తీసి, అగ్గిపెట్టెలో పెట్టి, ఎర్విన్ గులాబీ కింద పాతాను. నవ్వకు. తీరా లోపలికి వచ్చి లెక్కపెడితే తొట్టిలో నాలుగే ఉన్నాయి. అంటే ఐదోది ఎక్కణ్ణించి వచ్చినట్టు? నా లెక్క ఎప్పుడూ తప్పదు.

వెల్లకిలా ఈదుతాయని నువ్వు చెప్పలేదు. కాళ్లన్నీ పైకి పెట్టి, నీటి పైపొర కింద వేళ్లాడుతూ వందల కాళ్లు ఆడిస్తాయి. ఎర్విన్ ఉంటే ఆఫీసు మానేసేవాడు. రోజూ పొద్దున లేవగానే "ఏమర్రా" అంటున్నాను. ఈ ఇంట్లో నా గొంతు నాకే వినపడి రెండేళ్లయింది, ఫోనులో నీతో తప్ప.

పాస్టరు గారు మంగళవారం చాయ్‌కి వచ్చారు. తొట్టి చూసి "ఇవేమిటి హుల్డా గారూ?" అన్నారు. "మా చెల్లెలి ఊరివి" అన్నాను. "ఓహో, జ్ఞాపకంగా తెప్పించుకున్నారా" అన్నారు. కాదు అనాలి. నోటిదాకా వచ్చింది. కేకు ఇంకో ముక్క వెయ్యనా అన్నాను.

ముప్ఫై ఎనిమిదేళ్లు పిల్లల తప్పులు దిద్దాను వెర్నా. నేను తప్పు చెప్పానని ఒకరి ఎదట అనడం నాకు చేతకాదు. అడగకు.

హుల్డా


విల్గా బోర్
10 మే 1987

ప్రియమైన అక్కకు,

నువ్వు పాతిపెట్టింది వాడి చొక్కా. పెరిగినప్పుడల్లా పాత పెంకు విడిచేస్తాయి. అగ్గిపెట్టెలో పెట్టి, ప్రార్థన కూడా చేశావా? ఐవీ అడగమంది.

ఇంతటితో నవ్వు ఆపుతాను.

నీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇంట్లో నీ గొంతు నీకే వినపడి రెండేళ్లయిందన్నావు. బావ పోయిందీ, క్లారీ పోయిందీ ఒక్క ఏడాదే కదా. ఇన్నాళ్లూ నేను ఒంటరినని నువ్వు బెంగపడుతున్నావని అనుకున్నాను. ఏడో నంబరు తలుపు తీస్తే మీ పెరడే అన్నావు, తెరలు నువ్వే కుట్టావు. ఆ ఇల్లు నాకోసం కాదక్కా, నీకోసం. ఒక్కసారైనా "నాకు తోచడం లేదే, రావే" అని ఉంటే నేను ఏడ్చి ఉండేదాన్ని. "నీ నేల చచ్చింది" అన్నావు. అందుకే ఎదురుతిరిగాను.

తోచడం లేదని చెప్పినా నేను రాను. ఇది కఠినంగా వినిపిస్తుంది. చెరిపి మళ్లీ అదే రాశాను. ఇక్కడ గంట మోగించడం నాకు అప్పగించిన పని. క్లారీ అప్పగించాడో, పైవాడు అప్పగించాడో, మోగించేది నేను.

నీకు చేతకాదన్నావు కాబట్టి అడగను. నా మాట నేనే చెప్పుకుంటాను. సభకి ఉత్తరం పంపాను, ఎవరో ఒకరు చదువుతారు. ఓటు ఎటుపడినా, రైలుపట్టా ముక్క మాత్రం దింపనివ్వను. బల్ల తీసుకుపోతే నేల మీద కూర్చుంటాం.

రొయ్యలు జాగ్రత్త.

వెర్నా


అడిలైడ్
6 జూన్ 1987

వెర్నా,

ముందు చెడు వార్త. అన్నీ పోయాయి. ఈసారి చొక్కాలు కావు, చూసుకున్నాను. ఆఖరిది మే 30న. చనిపోయే ముందు వారమంతా అడుగున ఇసకని కాళ్లతో తవ్వుతూనే ఉంది. గుడ్లు పెడుతోందని అర్థమైంది. అందుకని నేను చెయ్యగలిగిందంతా చేస్తున్నాను. నీళ్లు చుక్క తగ్గనివ్వడం లేదు. రాత్రీ పగలూ దీపం. కొత్త వాన నీళ్లు రోజూ చేరుస్తున్నాను. వారమైంది. ఒక్క నలుసూ కదలలేదు. ఎక్కడో ఏదో తప్పు చేశాను. ఎనిమిదేళ్లు మీ కిటికీలో బతికినవి నా చేతిలో రెండు నెలలకే పోయాయి.

సభ సంగతి.

వెళ్లకూడదనుకున్నాను. ఆ పొద్దున తొట్టిలో ఇంకా రెండు ఉన్నాయి. పెద్దదాన్ని చెంచాతో ఎత్తి ఊరగాయ సీసాలో వేసి, మూత వదులుగా పెట్టి, సంచిలో పట్టుకెళ్లాను. ఎందుకో నాకే తెలియదు. బెర్నార్డ్ పక్కన కూర్చున్నాడు. "ఏం తెచ్చారు హుల్డా గారూ, దోసకాయలా?" అన్నాడు. "నోరు మూసుకో" అన్నాను.

అధ్యక్షుడు ప్రతిపాదన చదివాడు. విల్గాలో ఇక ఎవరూ లేరు, ఏమీ లేదు, అని అందులో ఉంది. అవి నా మాటలే. పాస్టరు గారితో నేను అన్నవే, అక్షరం మారకుండా. నీ ఉత్తరం ఎవరో చదివారు, గొణిగినట్టు, నువ్వు మాట్లాడినట్టే. వెనక బెంచీకి వినపడలేదు. చేతులెత్తబోతున్నారు.

లేచి నిలబడ్డాను. సీసా తీసి బల్ల మీద, ఆయన కాగితాల మీదే పెట్టాను.

"ఏమీ లేదన్నది నేను. నేను చెప్పింది తప్పు."

సీసాలో అది వెల్లకిలా తిరిగి ఈదుతోంది.

"ఇది ఏమిటమ్మా?" అన్నాడు అధ్యక్షుడు, కుర్చీ వెనక్కి జరిపి.

"మీరు మూసేస్తానంటున్న ఊరు" అన్నాను.

అప్పుడు లెస్, ఎప్పుడూ సభలో నోరు విప్పనివాడు, "అక్కడ ఆరాధనకి నేనూ వెళ్లాను. ప్రసంగం పొట్టిగా ఉంటుంది" అన్నాడు. నవ్వులే నవ్వులు. గంట మోగించే మనిషి ఉన్నంతకాలం గుడి తీసే ఉంచాలని తీర్మానించారు. ఇద్దరు వద్దన్నారు, వాళ్లెవరో నాకు తెలుసు.

ఇంటికొచ్చి సీసాలోదాన్ని మళ్లీ తొట్టిలో వదిలాను. ప్రయాణం పడలేదేమో. ఆ తరవాత ఆరు రోజులే బతికింది.

ఏడో నంబరు వేరేవాళ్లకి ఇచ్చేశారు. తెరలు నేను తెచ్చేసుకున్నాను. రమ్మని ఇక అడగను. నాకు తోచడం లేదు వెర్నా. అది కూడా నువ్వు చెప్పింది నిజమే. ఇల్లు పెద్దది.

తొట్టి సంగతి రాయి. నీళ్లు ఇంకా ఎక్కువ పొయ్యాలా?

హుల్డా


విల్గా బోర్
21 జూన్ 1987, ఆదివారం

నా ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరాన్ని గుడిలో, మోకాళ్ల మీద చదివాను. మిగతావాళ్లకి చదివి వినిపించలేదు, తీర్మానం మాత్రం చెప్పాను. ఐవీ వెళ్లి సుత్తి తీసుకుని, సమయం కాని సమయంలో గంట మోగించింది. ఊళ్లో కుక్కలన్నీ మొరిగాయి. "సభలో సీసా పెట్టిందా మీ అక్క? ఆవిడ ఇక్కడ పుట్టాల్సింది" అంది.

నువ్వు వాటిని చంపలేదు. డాలు రొయ్యలు రెండు నెలలు బతకడమే ఎక్కువ. పల్లంలో అయితే నీళ్లు ఇంకిపోయేలోగా పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టి వెళ్లిపోవాలి. నీ తొట్టిలో నిండు బతుకు బతికాయి.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. దీపం ఆర్పెయ్. నీళ్లు పొయ్యకు. చెంబుతో మెల్లగా పై నీళ్లు తీసెయ్, అడుగు కదపకుండా. మిగిలింది ఆరిపోనివ్వు. తొట్టిని ఎండ తగిలేచోట పెట్టి మరిచిపో. ఇసక పగులు వేసి, వేలితో తాకితే దుమ్మయ్యేదాకా ఎండనివ్వు. ఎంత ఎండినా భయపడకు. మధ్యలో జాలిపడి ఒక్క చెంబు కూడా పొయ్యకు. ఆ గుడ్లలో చాలావాటికి ఎండ తగలకపోతే మేలుకునే దారే లేదు. నువ్వు దయతో తడిపి ఉంచినన్నాళ్లూ అవి కళ్లు తెరవవు. ఇది ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. నీకు మొదటే చెప్పి ఉండాల్సింది, తోచలేదు.

చలికాలం పోయి, అక్టోబరులో ఎండలు ముదిరాక అప్పుడు మళ్లీ వాన నీళ్లు పొయ్యి.

లేదా ఆ తొట్టిలో మట్టిని గిన్నెలోకి గీకి, తీసుకుని ఇక్కడికే రా. టపా లారీ గురువారాలు. రెండు రోజులు నడుము విరుగుతుంది, చెప్పలేదనకు. బీరువా పోయిన గోడ పక్కన మంచం పడుతుంది. నీలం గళ్ల తెరలు తీసుకురా, వరండాలో ఎండ బాగా కొడుతోంది. ఆదివారం ప్రసంగం నువ్వు చదివితే వెనక బెంచీకి కూడా వినపడుతుంది. ఉండిపొమ్మని అడగను. నువ్వు నన్ను అడగడం మానేశావు కదా, నేను మొదలుపెట్టను.

ఇంకొక్కటి. ఈ ఉత్తరాలని దాచి ఉంచు. అమ్మ బీరువాలో, కింద అర తాళం పడుతుంది. పాస్టరు గారికి గాని, స్త్రీల సమాజంవాళ్లకి గాని చూపించకు. తప్పులు ఉంటాయి, దిద్దకు. వచ్చే ఆదివారం నువ్వు ఫోను చేస్తావు, ఏదో ఒకటి చెయ్యమంటావు, నేను "అలాగే అక్కా" అంటాను. నన్ను నేను ఎరుగుదును, నోరు మారదు. అప్పుడు నువ్వు ఆ మాట నమ్మకు. ఫోను పెట్టేసి, తాళం తీసి, ఈ కాగితాలు చదువుకో. నేను నిజంగా ఏమన్నానో వాటిలో ఉంది.

నీ చెల్లెలు
వెర్నా